అధ్యక్షులవారి ఎడమ చేయి

కొలిస్తేనే ఉన్నట్టు, కొలవనంత కాలం లేనట్టే. బస్సు సంగతే తీసుకుంటే, అది ఆలస్యమైందని కంట్రోలరు మైకులో చెప్పేవరకు ఆలస్యమైనట్టు కాదు, దారిలో ఉన్నట్టు. చెప్పిన మరుక్షణం నుంచే ప్లాట్‌ఫారం మీద గొడవ. ఉద్యోగమంతా బస్‌స్టాండులో మైకు ముందు కూర్చుని గడిపిన మనిషికి ఈ మాత్రం తెలియదా? రక్తపోటు కూడా అంతే. చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, ఎవరో ఒక అంకె పైకి చదివేవరకు అది ఎక్కడో దారిలో ఉంటుంది. రాకపోవచ్చు కూడా. కొన్ని బస్సులు రావు.

అద్దం ముందు నిలబడి షేర్వానీ గుండీలు పెట్టుకుంటూ షఫీఉద్దీన్ ఇలా ఆలోచిస్తున్నాడు. ఈ వాదనలో ఎక్కడో చిల్లు ఉందని ఆయనకు తెలుసు. అందులో వేలు పెట్టి చూడకుండా ఇన్నేళ్లుగా దాని చుట్టూ తిరుగుతున్నాడు. పెద్దన్న ఒక శుక్రవారం పొద్దున నడుచుకుంటూ దవాఖానాకు వెళ్లి, మధ్యాహ్నానికి రోగిగా తిరిగి వచ్చాడు. పొద్దున లేని జబ్బు మధ్యాహ్నానికి ఎక్కడినుంచి వచ్చింది? మధ్యలో జరిగింది ఒక్కటే, బీపీ చూడటం. ఏడాది తిరక్కముందే అన్న పోయాడు. అప్పటినుంచి షఫీఉద్దీన్ తన చేతిని ఏ యంత్రానికీ అప్పగించలేదు. ఈ మధ్య నిద్ర లేవగానే తల వెనక బరువుగా ఉంటోంది. మంచం దిగి గోడ పట్టుకుని కాసేపు నిలబడవలసి వస్తోంది. "గోడకు చెమ్మ పట్టిందా అని చూస్తున్న" అని భార్యకు చెప్పాడు. అప్పటినుంచి రోజూ అదే గోడను చూస్తున్నాడు.

అలాంటి మనిషిని ఆరోగ్య సభకు అధ్యక్షుణ్ని చేశారు. మైకు ముందు తడబడని గొంతు శాలిబండ బస్తీ మొత్తంలో ఆయనదేనని అందరి అభిప్రాయం. సభ పేరు "ఆరోగ్య సంస్కరణల భవిష్యత్తు: బస్తీ ప్రజల బహిరంగ చర్చ". విషయం మాత్రం చిన్నది. గల్లీలోని దవాఖానా సాయంత్రం కాకముందే మూసేస్తారు. కూలికీ కార్ఖానాకూ పోయేవాళ్లు ఇల్లు చేరేసరికి అక్కడ తాళం ఉంటుంది. సాయంత్రం కూడా తెరిచి ఉంచండని అడగడానికి, ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసే శ్రీహిత అనే అమ్మాయి ఈ సభ పెట్టింది. జిల్లా నుంచి పెద్ద డాక్టరు వచ్చి వింటాడు.

"సునో జీ, గీ ఎండల షేర్వానీ ఏంది?" అంది అక్తరున్నీసా గుమ్మంలోంచి. "మీటింగుకు పోతున్నరా, నికాహ్‌కు పోతున్నరా?"

"అధ్యక్షున్ని. జర ఇజ్జత్ ఉండాలె గదా."

"ఇజ్జత్ కుర్తాల గూడ ఉంటది. దాని చేతులు మన బిడ్డ ఆఫ్షీన్ పెండ్లినాడే మీకు బిగుతైనయ్. లోపట కుర్తా గూడ పట్టదు."

పట్టలేదు కూడా. లోపల బనీను మాత్రమే ఉంది. కానీ ఆ షేర్వానీని ఆయన ఎంచుకున్నదే ఆ చేతుల కోసం. అవి మణికట్టు దాటి అంగుళం కూడా పైకి రావు. యంత్రమేమో మోచేతి పైన పట్టీ అడుగుతుంది.

"స్వీటీ సిస్టర్‌కు చెప్పిన," అంది అక్తరున్నీసా. "ఇయ్యాల మీ బీపీ చూసుడే అని. మిషిన్ తెస్తదట."

"మీటింగ్‌ల బీపీ ఎందుకే?"

"మీటింగ్ దేని గురించో?"

షఫీఉద్దీన్ చెప్పులు వేసుకున్నాడు. ఆయన పథకం సులువైనది. వెళ్లాలి, కుర్చీలో కూర్చోవాలి, నాలుగు మాటలు చెప్పాలి, అన్నం వేళకు ఇంట్లో ఉండాలి.

సభ పెట్టింది శాదీఖానాలో. దాని మేనేజరు రాజన్నకు పెళ్లి తప్ప మరో సందర్భం తెలియదు. అందుకే గేటుకు ఎర్ర తెరలు, బంతిపూల తోరణం అన్నీ ఉన్నాయి. పెళ్లిలో అయితే అక్కడ ఇద్దరు నిలబడి వచ్చినవాళ్ల చేతికి అత్తరు రాసి, పన్నీరు చల్లుతారు. ఇవాళ అత్తరుకు బదులు బీపీ చూడాలన్నది శ్రీహిత ఆలోచన. తోరణం కింద టేబుల్, టేబుల్ మీద యంత్రం, దాని వెనక దవాఖానా నర్సు స్వీటీ. ఆమె చదివే అంకె గల్లీ చివరిదాకా వినిపిస్తుంది.

"ఖాదర్ చాచా, నూట డెబ్బై! ఇయ్యాల్టి సంది అచార్ తినుడు బంద్! నెక్స్ట్!"

షఫీఉద్దీన్ ఆగి ఉన్న ఒక ఆటో వెనక నిలబడ్డాడు. భయపడుతున్నానని ఆయన అనుకోలేదు. ఎండ ఎక్కువగా ఉంది, నీడ ఆటో వెనక ఉంది, అంతే. కాసేపటికి ఆ నీడ చాలలేదు. పక్క గల్లీలో ఇంకా ఎక్కువ నీడ కనిపించింది. ఆ గల్లీ శాదీఖానా వంటింటి వెనక తలుపు దగ్గర తేలుతుంది. తన కాళ్లకు ఈ సంగతి ముందే తెలుసునన్న విషయం తలుపు తోశాకగానీ ఆయనకు అర్థం కాలేదు.

లోపల వంట మేస్త్రీ మొయిన్ బోర్లించిన పెద్ద వంట దేగ్‌చా మీద కూర్చుని, తల చేతుల్లో పెట్టుకుని ఉన్నాడు.

"సలాం భాయ్ సాబ్," అన్నాడు తలెత్తి. "మీరు ఇటు నుంచి వచ్చిండ్రేంది?"

ఒక కారణం కావాలి. వంటింట్లో దొరికే కారణాలు కొన్నే ఉంటాయి.

"ఖానా ఇంతెజామ్ ఎట్లున్నదో చూద్దామని వచ్చిన."

ఆ వాక్యాన్ని షఫీఉద్దీన్ కూడా మొయిన్‌తో పాటే మొదటిసారి విన్నాడు.

మొయిన్ మెల్లగా లేచి నిలబడ్డాడు. "మీటింగ్‌ల ఖానా గూడ ఉన్నదా?"

"మీటింగ్ అన్నంక..." అని ఆపేశాడు షఫీఉద్దీన్. పూర్తి చేయని వాక్యం అబద్ధం కిందికి రాదని ఆయన నమ్మకం.

"ఎంతమందికి?"

"బస్తీ మీటింగ్. బస్తీ అంతా."

"యా అల్లా, నీ షుక్ర్!" మొయిన్ రెండు చేతులూ పైకెత్తాడు. "మటన్ గోష్ మసాలా కలిపి, ఐసుల పెట్టుకొని కూసున్న భాయ్ సాబ్. ఇయ్యాల్టి పెండ్లి ఆగింది. పిల్లగాని దాదాకు తబియత్ బాగలేదంట, దవాఖానల ఏసిండ్రు. 'ఖానా సంగతేంది' అని అడిగితే, 'ఎవరికన్న పెట్టు మొయిన్ భాయ్, సవాబ్ వస్తది, పుణ్యమైతది' అన్నరు పిల్లోళ్లు. ఎవరికి పెట్టాలె? దేగ్ ఎత్తుకొని రోడ్డు మీద నిలబడాల్నా? మిమ్మల్ని అల్లానే పంపిండు!" అని వెనక్కి తిరిగి అరిచాడు. "అరే, కట్టెలు ముట్టియ్యుండ్రి రా! దావత్ ఉన్నది!"

కాదనడానికి ఒక్క మాట చాలు. కానీ ఖానా లేదంటే, మరి వంటింట్లోంచి ఎందుకు వచ్చినట్టు? ఆ ప్రశ్న వస్తే యంత్రం వస్తుంది. షఫీఉద్దీన్ పొగలోంచి ముందుకు నడిచాడు. వంటింటినుంచి హాల్లోకి ఉన్న దారి ఒక్కటే, అది ఆడవాళ్లు కూర్చునే వైపు తెరుచుకుంటుంది.

"పర్దా, పర్దా!" అని దగ్గుతూ, నేల చూపులు చూస్తూ లోపలికి వెళ్లాడు.

"చాచా? జనానాల మీకేం పని?" అంది పక్కింటి సాదియా, ఫోన్‌లోంచి తలెత్తి.

"ఏం లేదు బేటీ. ఇటు తిననీకి ఎన్ని దస్తర్‌ఖాన్లు పరవాల్నో చూస్తున్న."

అబద్ధం రెండోసారి చెప్పడం ఎంత తేలికో ఆయన గమనించాడు. మొదటిసారి తలుపు తోయాలి. రెండోసారి అది తెరిచే ఉంటుంది. ఆయన తెర దాటకముందే వెనక సాదియా గొంతు వినిపించింది.

"అమ్మీ, పొయ్యి బంద్ చెయ్యి! శాదీఖానల దావత్... షఫీ చాచాది... ఎందుకో తెల్వదు, నువ్వైతే రా. పిల్లలకు ఈద్ బట్టలు తొడుగు. అక్కోళ్లకు గూడ చెప్పు."

మగవాళ్ల వైపు హాలు దాదాపు ఖాళీగా ఉంది. ముందు వరుసలో బీపీ చూపించుకుని దిగాలుగా కూర్చున్న కొందరు ముసలివాళ్లు, వెనక ఖాళీ కుర్చీల సముద్రం. శ్రీహిత మైకు పట్టుకుని నిలబడి ఉంది.

"అంకుల్, వచ్చేశారా! గేట్ దగ్గర బీపీ అయిపోయిందా?"

"అటు నుంచే వస్తున్న బిడ్డా," అన్నాడు. ఎటునుంచో చెప్పలేదు.

"జనం రాలేదు అంకుల్." ఆమె మైకు దించింది. "డాక్టర్ వైకుంఠం గారు స్టార్ట్ అయ్యారట. ఈ ఖాళీ కుర్చీలు చూశారంటే ఈవినింగ్ దవాఖానా ఇంకో బస్తీకి ఇచ్చేస్తారు. ఇంట్రెస్ట్ ఉన్నవాళ్లకే ఇస్తామని ముందే చెప్పారు."

"స్టార్ట్ అయిండంటె ఇంక తానం గూడ చేసి ఉండడు. ఫికర్ చెయ్యకు."

ఈలోగా రాజన్న వచ్చి ఆయన్ని భుజం పట్టి వేదిక ఎక్కించాడు. అక్కడ ఉన్నవి ఎర్ర వెల్వెట్ పెళ్లి కుర్చీలు రెండే. ఒకదాంట్లో షఫీఉద్దీన్‌ను కూర్చోబెట్టి, మెడలో గులాబీ దండ వేశాడు. రెండో దండను డాక్టరుగారి ఖాళీ కుర్చీకి వేశాడు.

"దండ ఎందుకు రాజన్నా?"

"స్టేజీ మీద కూసున్నోళ్లకు దండ ఎయ్యకుంటె నాకు తిన్నది అరగది భాయ్. కూసో, ఫోటో మంచిగొస్తది."

సరిగ్గా అప్పుడే మొదటి కుటుంబం లోపలికి వచ్చింది. జరీ కుర్తాలు, మెరిసే గాగ్రాలు, చంకలో రంగుల కాగితం చుట్టిన డిన్నర్ సెట్. వాళ్ల వెనక మరో కుటుంబం. గేటు దగ్గర స్వీటీ "చేయి, చేయి" అంటూనే ఉంది. బిర్యానీ వాసన తగిలిన జనం ఆమెను చుట్టేసి, ఏరు రాయిని దాటినట్టు దాటి వస్తున్నారు. చూస్తుండగానే సగం హాలు నిండింది. శ్రీహిత ముఖం వెలిగింది.

వచ్చినవాళ్లు వేదిక వైపు చూసి లెక్క కట్టారు. దావత్ ఉంది. వేదిక మీద షేర్వానీలో, మెడలో పూలదండతో ఒక పెద్దాయన ఉన్నాడు. పక్క కుర్చీలో ఎవరూ లేరు, కాబట్టి పెళ్లి కాదు. పాతబస్తీలో ఇక మిగిలింది ఒక్కటే: ఆయన ఉమ్రాకు, మక్కా యాత్రకు, పోతున్నాడు. వెళ్లేవాళ్లకు దండలు వేయడం, దావత్‌లు పెట్టడం ఇక్కడి ఆచారం. వెళ్లేముందు దగ్గరివాళ్లంతా వచ్చి ఆలింగనం చేసుకుని, తెలిసీ తెలియక అన్న మాటలకు ఒకరినొకరు క్షమాపణ అడుగుతారు. దూర ప్రయాణం కదా. ఈ లెక్క హాలంతటికీ తేలిగ్గా తేలింది. తెలియనిది వేదిక మీది మనిషికి మాత్రమే.

ముందుగా గాజుల దుకాణం సాకిబ్ ఎక్కి వచ్చి గట్టిగా కౌగిలించుకున్నాడు. "భాయ్ జాన్, కహా సునా మాఫ్ చెయ్యుండ్రి. మనుషులం. ఎప్పుడేమైతదో ఎవరికి తెలుసు?"

"ఏమైతది?" అన్నాడు షఫీఉద్దీన్.

"ఏం గాదు భాయ్. అల్లా మంచిగ తోలుకపోతడు."

సాకిబ్ వెనకే ఎదురింటి టైలర్ రామ్‌చందర్ వచ్చాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

"షఫీ అన్నా, ఆ నాలా పంచాయితీల నిన్ను ఒక మాటన్న. మనసుల పెట్టుకోకు. పొయ్యేటాయన మనసుల ఏం పెట్టుకోవద్దు."

"లేదు రామ్‌చందర్. నేనేం పెట్టుకోలే."

"నీకు ముందుగాల పిలుపొచ్చింది. అదృష్టవంతునివి. అక్కడ మా గురించి గూడ జర చెప్పు."

ఎక్కడికి పోతున్నాను అని అడగవచ్చు. చాలా మామూలు ప్రశ్న. కానీ అడగనంత కాలం ఏమీ లేనట్టే కదా? షఫీఉద్దీన్ అడగలేదు. ఆయన బుర్ర మాత్రం తన పని తాను చేసుకుపోయింది. అక్తరున్నీసా తనకు చెప్పకుండా ఎవరో డాక్టరుతో మాట్లాడింది. గోడ సంగతి చెప్పింది. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఆమె ఇంటింటికీ వెళ్లి, బతికుండగానే ఒకసారి చూసి పోండని చెప్పింది. లేకపోతే బహదూర్‌పురాలో ఉండే మేనమామ కొడుకు, రంజాన్‌కు కూడా రానివాడు, కుటుంబంతో సహా ఆటో దిగి ఎందుకొస్తాడు? వంటింట్లో బిర్యానీ ఉడుకుతోంది. మనిషి పోయాక నలభయ్యో రోజు పెట్టే భోజనాన్ని తానే ముందుగా చెప్పి చేయించుకున్నట్టయింది. మంచి పనివాణ్నే పెట్టానని ఒక పిచ్చి తృప్తి కూడా కలిగింది.

జనం వరుసలో వస్తూనే ఉన్నారు. ఆయన అందరినీ క్షమిస్తున్నాడు. తల వెనక బరువు మెడలోకి దిగింది. పూలదండ కింద గుండె, ఇంజను ఆపకుండా నిలబెట్టిన బస్సులా అదురుతోంది.

అప్పుడే మగవాళ్ల హాలుకూ జనానాకూ మధ్య ఉన్న తెర పక్కకు జరిగి, అక్తరున్నీసా బయటికి వచ్చింది. మామూలుగా జనానాలోంచి ఇటువైపు ఎవరూ రారు. ఆమె చూపు చూసి మగవాళ్లే దారి ఇచ్చారు. నేరుగా వేదిక ఎక్కి భర్త ముందు నిలబడింది.

"ఒక్కరే పోతున్నరా?" అంది.

షఫీఉద్దీన్ కళ్లు చెమ్మగిల్లాయి. "అందరు ఒక్కరే పోతరు అక్తర్."

"ఎవరు చెప్పిండ్రు? మా అక్కాబావ జోడీగ పోలే?"

"జోడీగనా?" అన్నాడు ఆయన అయోమయంగా. వాళ్లిద్దరినీ నిన్ననే చూశాడు.

"ఇన్నేండ్లు వండిపెట్టిన. నాకొక మాట చెప్పబుద్ధి గాలే. బస్తీ అంతా ముబారక్ చెప్తున్నది. నేను పిచ్చిదాని తీర్గ చూస్తున్న."

"ముబారకా?" ఇది కొంచెం ఎక్కువనిపించింది ఆయనకు. "నీకు గట్ల ముబారక్ ఎట్ల చెప్తరే?"

"పాస్‌పోర్ట్ ఎప్పుడు చేయించిండ్రు?"

"దానికి పాస్‌పోర్ట్ ఎందుకు?"

"పాస్‌పోర్ట్ లేకుంట మక్కాకు ఎట్ల పోతరు? నడిచిపోతరా?"

షఫీఉద్దీన్ ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత హాలు వైపు చూశాడు. జరీ కుర్తాలు, డిన్నర్ సెట్లు, తన మెడలోని దండ. ఒక్కొక్కటీ తన చోటికి వచ్చి నిలబడింది. ముందు నవ్వొచ్చింది. అది సగంలో ఆగి, ఇంకేదో శబ్దంగా మారింది.

"నేను యాడికి పోతలేను అక్తర్. గిది ఉత్త మీటింగే."

"మరి ఇందాక 'ఒక్కరే పోతరు' అన్నరు. యాడికనుకున్నరు?"

ఆయన దండలోంచి ఒక గులాబీ రెక్క తుంపాడు.

అక్తరున్నీసాకు అర్థమైంది. కోపమంతా దిగిపోయి, దాని కింద ఉన్నది బయటపడింది. "గోడకు చెమ్మ లేదు," అంది మెల్లగా. "మీరు బయటికి పొయ్యినంక రోజు నేను గూడ చెయ్యి పెట్టి చూస్తున్న. పొడిగ ఉన్నది. ఇయ్యాల బీపీ చూయించుకోవాలె."

"అందరి ముందల ఒద్దే. ఇంకోనాడు..."

ఆ మాట పూర్తి కాకముందే గేటు దగ్గర కారు హారన్ మోగింది. డాక్టర్ వైకుంఠం వచ్చాడు.

స్టార్ట్ అయ్యాడన్న చాలాసేపటికి లోపలికి అడుగుపెట్టిన డాక్టరు గుమ్మంలోనే ఆగిపోయాడు. హాలు కిటకిటలాడుతోంది. గోడల వెంబడి కూడా జనం నిలబడ్డారు. పిల్లలు ఈద్ బట్టల్లో ఉన్నారు. డాక్టరు భారీ మనిషి, వేదిక మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. దండ మెడలో వేసుకుని, చెమట తుడుచుకుని, మైకు అందుకున్నాడు.

"ఆరోగ్యం పట్ల ఇంతటి చైతన్యం నేను ఎక్కడా చూడలేదు! అసలైన సంస్కరణ ఆసుపత్రి భవనాల్లో లేదు, మన మనసులో ఉంది. జబ్బు ముదిరాక పరుగెత్తడం కాదు, ఏ బాధా లేనప్పుడే పరీక్ష చేయించుకోవాలి. భయపడకూడదు. భయమే అసలు రోగం!"

షఫీఉద్దీన్ నేల వైపు చూశాడు. ఈ మనిషికి తన సంగతి ఎవరు చెప్పారు? ఉపన్యాసం సాగుతున్నకొద్దీ వంటింటినుంచి వాసన చిక్కబడింది. వెనక వరుసలు కుర్చీల్లో కదలసాగాయి. అధ్యక్షుడు తన గొంతు సవరించుకుని, ప్రశ్నలు అడగవచ్చని ప్రకటించాడు.

తెర వెనకనుంచి సాదియా గొంతు వచ్చింది. "డాక్టర్ సాబ్, మా గల్లీ దవాఖానా సాయంత్రం ఎప్పటి సంది తెరుస్తరు?"

"మంచి ప్రశ్న. ఆ విషయం పరిశీలనలో ఉంది."

"ఖానా ఎప్పుడు?" అన్నాడు వెనకనుంచి ఎవరో. "అది గూడ పరిశీలనల ఉన్నదా?"

హాలు గొల్లుమంది. దానికి జవాబుగా వంటింటి తలుపు తెరుచుకుని మొయిన్ తల బయటికి వచ్చింది. "ఖానా తయార్!"

కుర్చీలు ఒక్కసారిగా వెనక్కి జరిగాయి. జనం భోజనాల గది వైపు కదిలి, గుమ్మం దగ్గర గుద్దుకుని ఆగారు. గుమ్మంలో అడ్డంగా ఒక టేబుల్ ఉంది. టేబుల్ మీద యంత్రం, దాని వెనక స్వీటీ.

"దావత్ అన్నంక గేటు కాడ ఒక్కరు ఆగలే," అంది ఆమె. "బిర్యానీ వాసనకు ఉరికిండ్రు. ఇప్పుడు ఉరుకుండ్రి చూద్దాం. చెయ్యి ఇచ్చినోళ్లకే దస్తర్‌ఖాన్."

"అరే సిస్టర్, గింతమందికి చూసేవరకు మగ్రిబ్ నమాజ్ అయితది!"

"అయితే కానీయ్. నాకు ఆకలి లేదు."

జనం ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడు రాజన్న, పెళ్లిళ్లలో ఇలాంటి గొడవలు తీర్చి తీర్చి ఆరితేరినవాడు, చేతులెత్తి అన్నాడు. "లొల్లి ఎందుకు? పెద్దోళ్లు బిస్మిల్లా అనకుంట ఇక్కడ ఎవరన్న బుక్క ముడ్తరా? ముట్టరు గదా. దావత్ ఎవరిదో ఆయన ముందు. ఉమ్రాకు పొయ్యేటాయన! భాయ్, రా. నీ వెనకనే అందరం."

అది కాదనలేని మాట. పెద్దాయన మొదలుపెట్టందే ఎవరూ తినరు. చేయి ఇవ్వందే పెద్దాయన లోపలికి పోలేడు. ఆకలిగొన్న బస్తీ మొత్తం షఫీఉద్దీన్ ఎడమ చేతి వైపు చూసింది.

ఆయన మెల్లగా నడిచి వచ్చి టేబుల్ ముందు నిలబడ్డాడు. పొద్దున తీసుకున్న జాగ్రత్త గుర్తొచ్చి ధైర్యం వచ్చింది. "నీ కోసమే చూస్తున్న బేటీ. కానీ గీ షేర్వానీ చేతులు మీదికి రావు. చూడు, కావాలంటే గుంజు." స్వీటీ గుంజింది. రాలేదు. ఆయన గొంతు మరింత మర్యాదగా మారింది. "అసలు మెహమాన్ ఉండంగ నేను ముందు ఎట్ల? తమీజ్ గాదు. డాక్టర్ సాబ్ ముందు!"

"ఔ, డాక్టర్ సాబ్ ముందు!" అన్నారు జనం.

అందరూ వేదిక వైపు తిరిగారు. వెల్వెట్ కుర్చీలో దండ ఒక్కటే ఉంది. డాక్టర్ వైకుంఠం గోడ వెంబడి, తల దించుకుని, ఏదో వస్తువు పడిపోతే వెతుక్కుంటున్నవాడిలా వంటింటి తలుపు వైపు నడుస్తున్నాడు.

ఆ నడకను షఫీఉద్దీన్ వెంటనే గుర్తుపట్టాడు. ఎప్పుడూ చూడలేదు గానీ, లోపలినుంచి బాగా తెలుసు. పొద్దున ఆటో వెనకనుంచి గల్లీలోకి మళ్లిన మనిషిని ఎవరైనా చూసి ఉంటే ఇలాగే కనిపించి ఉంటాడు. ఇంత పెద్ద శరీరం అంత చిన్నదిగా అవడానికి ప్రయత్నించడం చూస్తే ఆయనకు నవ్వు రాలేదు, ఎందుకో జాలేసింది.

"డాక్టర్ సాబ్!" అన్నాడు బస్‌స్టాండు గొంతుతో. "అటు గాదు, ఇటు. అటు నుంచి పొద్దుగాల నేనొచ్చిన."

డాక్టరు ఆగాడు. వెనక్కి తిరిగి, దొరికిపోయినవాడి నవ్వు నవ్వుతూ టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"నాకా? అబ్బే, మెట్లెక్కి వచ్చాను, మాట్లాడాను. ఇప్పుడు చూస్తే ఎక్కువే చూపిస్తుందమ్మా. సాయంత్రం తీరిగ్గా చూపించుకుంటాలే."

స్వీటీ తల కూడా ఎత్తలేదు. "సాయంత్రం దవాఖానా బంద్ ఉంటది సార్."

హాల్లో లేచిన నవ్వుకు బంతిపూల తోరణం ఊగింది. డాక్టర్ వైకుంఠం చెవులు ఎర్రబడ్డాయి. ముందు యంత్రం, వెనక బస్తీ. పరిశీలనలో ఉన్న విషయం అప్పటికప్పుడు తేలిపోయింది.

"అయితే... తెరిపిద్దాం."

"ఎప్పటి సంది సార్?" సాదియా తెర పక్కకు జరిపి, ఫోన్ పట్టుకుని రికార్డు చేస్తోంది.

"సోమవారం నుంచి."

"ఒక్కసారి మైకులో సార్," అంటూ శ్రీహిత పరుగున వచ్చి మైకు ఆయన నోటి ముందు పెట్టింది. ఆయన మైకులో కూడా చెప్పాడు. ఎవరో ఈల వేశారు. "సోమవారం సాయంత్రం మొదటి చేయి నాదే," అని డాక్టరు హామీ ఇచ్చి, గొప్ప సంస్కర్తలా పక్కకు జరిగాడు. "ఇప్పటికి మాత్రం అధ్యక్షులవారే కానివ్వాలి."

చూపులన్నీ మళ్లీ తిరిగి వచ్చాయి. షఫీఉద్దీన్‌కు ఇంతకన్నా మంచి దారి ఎప్పుడూ దొరకలేదు. సోమవారం సాయంత్రం నేను కూడా వస్తా, అంటే చాలు. అబద్ధం కూడా కాదు. అదే సంస్కరణ. అందరూ చప్పట్లు కొడతారు. సోమవారం చాలా దూరం. దారిలో ఉన్న బస్సు. ఆయన నోరు తెరిచాడు.

తెర పక్కన అక్తరున్నీసా నిలబడి ఉంది. ఆయన వైపు చూస్తూ, అరచేతిని మెల్లగా పక్కనున్న గోడ మీద ఆనించింది. పొద్దున్నే మంచం దిగి ఆయన ఆనించినట్టే. చెమ్మ ఉందా అని చూస్తున్నట్టు కాసేపు అలాగే ఉంచింది.

షఫీఉద్దీన్ నోరు మూసుకున్నాడు. మెడలోంచి దండ తీసి రాజన్న చేతికిచ్చాడు. షేర్వానీ పై గుండీ విప్పాడు. అది విప్పడం తేలికే. రెండోది ఇంకా తేలిక. ఇంత ఇజ్జత్ కింద ఇంత పాత బనీను ఉందని బస్తీ మొత్తానికి తెలిసింది. ఆయన స్వీటీ ముందు కుర్చీలో కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని, ఎడమ చేతిని అరచేయి పైకి ఉండేలా టేబుల్ మీద చాపాడు.

ఉమ్రాకు ముందు చేసే దువా, ప్రార్థన, మొదలైందనుకుని, వెనక వరుసలు ఒక్క గొంతుతో "ఆమీన్" అన్నాయి.